ముల్కీ, గైర్ ముల్కీ, అజ్నబీ : గల్ఫు దేశములలో పెరిగిన మన పిల్లలు

మనిషికి పుట్టిన ఊరు ఒకటి, పెరిగిన ఊరు ఒకటి, తనదని చెప్పుకొను ఊరు మరియొకటి ఉండవచ్చును. ఈ మూడును ఒక్కటే అయినవాడు అదృష్టవంతుడు. అయితే తాను అదృష్టవంతుడనన్న సంగతి అతనికి సాధారణముగా తెలియదు. ఊపిరి పీల్చుట ఎంత సహజమో, “మాది ఫలానా ఊరు” అనుట అతనికి అంత సహజము. ఆ మాట అనుటకు ముందు ఒక్క క్షణము ఆగి ఆలోచించవలసి వచ్చువారు మన మధ్యనే ఉన్నారు. మన తరగతి గదులలో మన ప్రక్క బల్లమీదనే కూర్చున్నారు. జెద్దాలోనో, రియాదులోనో, కువైట్, దుబాయి, మస్కట్ నగరములలోనో పుట్టి పెరిగి, పదునైదు, పదునెనిమిది ఏండ్ల వయస్సున శంషాబాదు విమానాశ్రయములో దిగి, “స్వదేశమునకు వచ్చితివి” అని నలుగురూ అనగా విని, ఆ మాటకు అర్థమేమా అని తమలో తాము వెదకుకొను విద్యార్థులు వీరు. వీరి స్థితిని చరిత్ర, చట్టము, భాష అను మూడు వైపులనుండి పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మాటలు చెప్పు చరిత్ర

ముందుగా మన రెండు భాషలనుండి రెండు మాటలను తీసుకొందము. తెలుగులో “గరీబు” అనగా బీదవాడు. ఈ మాట ఉర్దూనుండి మనకు వచ్చినది. ఉర్దూలోను సామాన్యముగా అదే అర్థము. కాని మూలమైన అరబ్బీలో “గరీబ్” అనగా పరాయివాడు, ఊరికి కొత్తవాడు. “గుర్బత్” అను మాటకు ఉర్దూలో పేదరికమనియు, పరదేశవాసమనియు రెండర్థములు నేటికిని నిలిచియున్నవి. ఇక తెలుగు వైపు చూతము. “పరదేశి” అనగా అన్యదేశీయుడు. అయినను మన పల్లెలలో “పాపము, పరదేశి” అన్నప్పుడు దిక్కులేనివాడు, బిచ్చమెత్తి బ్రదుకువాడు అని అర్థము. ఒకదానితో ఒకటి సంబంధములేని రెండు భాషాకుటుంబములు పరాయివానికిని పేదవానికిని ఒకే మాటను కేటాయించినవి. తనవారు లేని చోట ధనవంతుడైనను ఒక విధముగా దరిద్రుడే అని మన పెద్దలు గ్రహించినారని దీనివలన తెలియుచున్నది.

మూడవ మాట ఈ నగరమునకే ప్రత్యేకమైనది : “ముల్కీ”. ముల్క్ అనగా దేశము. ముల్కీ అనగా దేశీయుడు, గైర్ ముల్కీ అనగా దేశీయుడు కానివాడు. హైదరాబాదు సంస్థానములో ఉద్యోగములు ముల్కీలకే దక్కవలెనని 1919లో నిజాము ప్రభుత్వము నిబంధన చేసినది. బయటివాడు ముల్కీ కావలెనన్న పదునైదేండ్లు సంస్థానములో నివసించి, తిరిగి వెళ్ళు ఉద్దేశము లేదని ప్రకటన చేయవలెను. 1952లోను, 1969లోను ఈ మాట చుట్టు జరిగిన ఆందోళనలు మన చరిత్ర పాఠములలో ఉన్నవే. ఇక్కడ మనము గమనించవలసిన అంశము ఒక్కటి. ఆ నిబంధన ఎంత కఠినమైనను, బయటివానికి లోనికి వచ్చుటకు ఒక ద్వారమును, దానికొక గడువును చూపినది. పదునైదేండ్లు గడచిన పిమ్మట అతడు పరాయివాడు కాడు.

అటువైపు ద్వారము

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత అరబ్బు దేశములలో రహదారులు, రేవులు, వైద్యశాలలు, నగరములు వెలసినవి. వానిని కట్టుటకును, నడుపుటకును మనుష్యులు కావలసివచ్చినారు. హైదరాబాదు పాతబస్తీనుండియు, కరీంనగరు, నిజామాబాదు జిల్లాలనుండియు, కడప, గోదావరి ప్రాంతములనుండియు జనము తరలినది. మన దేశమునకును గల్ఫునకును సంబంధము అంతకుముందు లేనిది కాదు. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతపు చలామణి కొరకే ప్రత్యేకమైన రూపాయి నోట్లను ముద్రించినది. 1961లో కువైట్, 1965లో బహ్రెయిన్, 1966లో రూపాయి విలువ తగ్గించబడిన పిమ్మట మిగిలిన దేశములు క్రమముగా తమ స్వంత నాణెములకు మారినవి. ఒకప్పుడు మన రూపాయి అక్కడకు వెళ్ళెడిది. తరువాత మన మనుష్యులు వెళ్ళి, వారి దీనారులను, రియాళ్ళను ఇక్కడకు పంపినారు.

ఈ వలసకు ఆధారమైన పద్ధతి పేరు కఫాలా. కఫీల్ అనగా పూచీదారు. విదేశీయుడు ఒక పూచీదారుని పేరిట దేశములో ప్రవేశించును, అతని వద్ద పనియున్నంత కాలము నివసించును, పని ముగిసిననాడు మరలిపోవును. నివాసపత్రమును సౌదీలో ఇకామా అందురు. కొన్ని దేశములు ఈ పద్ధతిని ఇటీవలి సంవత్సరములలో కొంత సడలించినను, నివాసము ఉద్యోగముతో ముడివడియుండుట అను మూలసూత్రము మారలేదు. ఎంతకాలము పనిచేసినను ఆ కాలము దానంతట అది పౌరసత్వముగా మారదు. అక్కడ పుట్టినంత మాత్రమున విదేశీయుని బిడ్డకు ఆ దేశపు పౌరసత్వము రాదు. తండ్రి ఇకామాలో బిడ్డ పేరు ఒక అనుబంధము మాత్రమే. తండ్రి పని పోయినచో బిడ్డ పుట్టిన ఊరును పోవును.

అందరు వలసదారులకు కుటుంబమును వెంట తీసుకొనిపోవు అవకాశమును లేదు. జీతమును, వృత్తిని బట్టి కుటుంబ వీసా లభించును. కూలీల శిబిరములలో ఉండు మన పల్లెటూరి కార్మికులకు అది అందనిది. కావున గల్ఫు వలస వలన రెండు విధములైన బాల్యములు ఏర్పడినవి. మొదటిది, తండ్రి అక్కడ ఉండగా ఇక్కడ పెరిగిన బాల్యము. దీనికి ఊరు ఉన్నది, తండ్రి లేడు. రెండవది, తలిదండ్రులతో అక్కడ పెరిగిన బాల్యము. దీనికి తండ్రి ఉన్నాడు, ఊరు లేదు. మొదటి దానిని గురించి మన పత్రికలలో తరచుగా వ్రాయుదురు. రెండవ దానిని సుఖమైన జీవితముగా భావించి ఎవరును అంతగా పట్టించుకొనరు. మన చర్చ ఈ రెండవ దానిని గురించి.

గోడల లోపలి భారతదేశము

అక్కడి మన పిల్లల చదువు కొరకు భారతీయ పాఠశాలలు చాలకాలముగా ఉన్నవి. బహ్రెయినులో 1950లోను, దుబాయిలో 1961లోను, జెద్దాలో 1969లోను, మస్కట్‌లో 1975లోను, రియాదులో 1982లోను ఇట్టి పాఠశాలలు వెలసినవి. వానిలో ఢిల్లీలోని కేంద్ర సెకండరీ విద్యామండలి పాఠ్యక్రమమే నడచుచున్నది. అనగా జెద్దాలోని బాలుడు గంగా గోదావరులను గురించి, అశోకుని గురించి, భారత రాజ్యాంగమును గురించి చదువును. ఉదయము జనగణమన పాడును. పాఠశాల గోడ దాటిన వెంటనే మరియొక దేశము. ఆ దేశపు పిల్లలు వేరు పాఠశాలలలో చదువుదురు. వారితో ఇతనికి స్నేహము కలుగు సందర్భములు అరుదు. అరబ్బీ అక్షరములను నేర్చినను, బజారులో ధర అడుగుటకును, ఖురాను చదువుటకును అవి ఉపయోగపడునే గాని, పొరుగింటివానితో మనసు విప్పి మాటలాడుటకు తగిన అవకాశము దొరకదు.

అయినను ఆ బాలునకు అదే ఊరు. సముద్రతీరమున సాయంకాలపు షికారు, వేసవిలో మధ్యాహ్నము నిర్మానుష్యమగు వీధులు, ఇసుకగాలి వీచు దినములు, ఇంటి క్రింది దుకాణములోని మలయాళీ, బంగ్లాదేశీ, యెమెనీ వర్తకులు, రంజాను రాత్రుల వెలుగులు, ఇవన్నియు అతని జ్ఞాపకములు. ఇండియా అనగా అతనికి సంవత్సరమునకో, రెండు సంవత్సరములకో వచ్చు వేసవి సెలవులు మాత్రమే. పెట్టెలు కట్టుట, అందరికిని బహుమానములు, మామిడిపండ్లు, సెలవులకు సరిపడునట్లు నిర్ణయించిన పెండ్లిండ్లు, అమ్మమ్మగారి ఇంట దోమతెర, తిరుగుప్రయాణమునాడు కన్నీళ్ళు. ఈ ఇండియాలో ఎవరును పాఠశాలకు పోరు, ఎవరును రేషను కార్డు కొరకు వరుసలో నిలువరు, ఎవరును ఉద్యోగమునకై తిరుగరు. ఆ బాలునకు తెలిసిన స్వదేశము ఒక అతిథిగృహము.

ఆ జీవితమునకు మరియొక లక్షణము కలదు : వీడ్కోలు. ప్రతి సంవత్సరము తరగతిలో ఒకరో ఇద్దరో మాయమగుదురు. ఒకని తండ్రికి ఉద్యోగము ముగిసినది. మరియొకడు పై చదువునకు స్వదేశము పోయినాడు. మిగిలినవాడు స్నేహమునందు కొంత జాగ్రత్త నేర్చుకొనును. అక్కడ ఇల్లు అద్దెది, సామాను అమ్మివేయుటకు సిద్ధముగా ఉన్నది, గోడకు మేకు కొట్టుటకు కూడ ఆలోచించవలెను. సంపాదించిన ధనముతో హైదరాబాదులో ఇల్లు కట్టుదురు గాని అందులో నివసించరు. నివసించు చోట కట్టుకొనరు.

ఈ స్థితి ఎంత అస్థిరమో 1990లో లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినది. అక్కడి మనవారు ఎడారి దాటి జోర్డాను రాజధాని అమ్మాన్ చేరగా, వందలకొలది విమానములలో సుమారు లక్షా డెబ్బయి వేల మందిని మన ప్రభుత్వము స్వదేశమునకు తెచ్చినది. పౌరవిమానముల చరిత్రలో అంత పెద్ద తరలింపు అంతకుముందు జరుగలేదు. అది మన దేశమునకు గౌరవమైన కార్యము. కాని అందులో వచ్చిన పిల్లలకు అది స్వదేశాగమనమా, లేక స్వస్థలమునుండి పలాయనమా అని అడిగినచో, రెండును నిజమే అని చెప్పవలెను.

ఇంకొక ఉదాహరణము యుద్ధము లేకుండనే జరిగినది. 2017 జులైలో సౌదీ ప్రభుత్వము విదేశీయుల కుటుంబసభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము విధించి, ఏటేటా నూరేసి పెంచుచు 2020 నాటికి 400 చేసినది. భార్య, ముగ్గురు పిల్లలు గల ఒక ఉద్యోగి లెక్క చూతము. మొదటి సంవత్సరమున నెలకు 400, ఏడాదికి 4,800 రియాళ్ళు. 2020 తరువాత నెలకు 1,600, ఏడాదికి 19,200 రియాళ్ళు. మధ్యతరగతి జీతమునకు ఇది మోయలేని భారము. తండ్రి అక్కడ నిలిచి, తల్లిని పిల్లలను పంపివేసిన కుటుంబములు ఎన్నో. హైదరాబాదు పాఠశాలలలో నడుమ తరగతులలో కొత్త ముఖములు కనబడుటకు ఇది ఒక కారణము. ఒక బాలుని బాల్యము ముగియుటకు ఒక రుసుము పట్టిక చాలినది.

శంషాబాదులో దిగిన తరువాత

2008 మార్చి 23వ తేదీనుండి హైదరాబాదునకు వచ్చు విమానములు బేగంపేటను విడిచి శంషాబాదులో దిగుచున్నవి. అక్కడినుండి నగరమునకు రెండు దారులు. పడమటి దారి ఆరాంఘర్ మీదుగా, 2009లో తెరచిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వంతెన ఎక్కి మెహదీపట్నము చేరును. అక్కడినుండి గల్ఫు ధనముతో పెరిగిన టోలిచౌకి సమీపము. తూర్పు దారి పహాడీ షరీఫ్, బార్కస్, చాంద్రాయణగుట్టల మీదుగా పాతబస్తీకి పోవును. గల్ఫునుండి వచ్చు కుటుంబములలో చాలమంది ఈ రెండు దారులలో ఒకదానిని పట్టి ఇండ్లకు చేరుదురు.

బాలుని చేతిలో భారతీయ పాస్‌పోర్టు ఉన్నది. 1955 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము విదేశములో పుట్టినను తలిదండ్రులను బట్టి అతడు భారతీయుడు. 2004 డిసెంబరు 3వ తేదీ తరువాత పుట్టినవారి విషయములో, పుట్టిన ఏడాది లోపల భారత దౌత్య కార్యాలయములో జననమును నమోదు చేయించవలెనను నియమము కలదు. తలిదండ్రులు ఆ పని సక్రమముగా చేసియున్నచో పౌరసత్వమునకు లోటు లేదు. విమానాశ్రయములో భారతీయుల వరుసలో అతడు సగర్వముగా నిలువవచ్చును. కాని ఎదుట ఫలకము మీది తెలుగు అక్షరములు అతనికి చదువరావు. ఇంటిలో తెలుగో దక్కనీ ఉర్దూయో మాటలాడినను, పాఠశాలలో రెండవ భాషగా హిందీయో మరియొకటియో చదివినందున, మాతృభాష చెవులలో ఉన్నది గాని కన్నులలో లేదు. 2018లో మన రాష్ట్రము పాఠశాలలన్నిటిలో తెలుగును క్రమముగా తప్పనిసరి చేసినది. ఇది మంచి చట్టము. అయినను తొమ్మిదవ తరగతిలో వచ్చి చేరినవానికి అ ఆ లు నేర్పువారెవరు? తోటివారు పద్యము చదువుచుండగా గుణింతము వ్రాయువాని సిగ్గును మనము ఊహించుకొనవలెను.

అంతకన్న పెద్ద అడ్డంకి కళాశాల వాకిట ఎదురగును. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి వృత్తివిద్యా కళాశాలలలో నూటికి 85 స్థానములు స్థానికులకు కేటాయించబడినవి. స్థానికత్వమునకు కొలమానము, అర్హతా పరీక్షతో ముగియునట్లు వరుసగా నాలుగు సంవత్సరములు ఆ ప్రాంతములో చదివియుండుట. తెలంగాణ ప్రభుత్వము 2024లో జారీచేసిన 33వ నంబరు ఉత్తర్వు వైద్యవిద్యకు తొమ్మిదినుండి పండ్రెండవ తరగతి వరకు ఇక్కడనే చదివియుండవలెనని విధించగా, 2025లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. స్థానికుల అవకాశములను కాపాడుటకు ఈ నియమము పుట్టినది, దాని వెనుక న్యాయమైన చరిత్ర ఉన్నది. కాని దాని నీడ ఎవరిమీద పడుచున్నదో కూడ చూడవలెను. తాత ముత్తాతలనుండి హైదరాబాదులోనే ఉన్న కుటుంబపు బిడ్డ, జెద్దాలో పండ్రెండవ తరగతి చదివినందున ఈ నగరములో స్థానికేతరుడు. అక్కడ అజ్నబీ, ఇక్కడ నాన్ లోకల్. ముత్తాత ముల్కీ, మునిమనుమడు గైర్ ముల్కీ.

కేంద్ర ప్రభుత్వము కొంత వెసులుబాటు కల్పించకపోలేదు. జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలో విదేశములనుండి వచ్చు విద్యార్థులకు 2001-02 నుండి ప్రత్యేక ప్రవేశ పథకము నడచుచున్నది. అందులో గల్ఫు కార్మికుల పిల్లలకు రుసుము తగ్గింపుతో ప్రత్యేక విభాగము కలదు. 2006-07లో ప్రవాసుల పిల్లలకు విద్యార్థివేతన పథకము మొదలైనది. ఇవి తెలిసినవారికి ఉపయోగపడుచున్నవి. తెలియనివారే ఎక్కువ.

పండితులు పెట్టిన పేరు

ఇట్టి బాల్యమును గురించి మొదట శాస్త్రీయముగా ఆలోచించిన సందర్భము మన దేశములోనే కలిగినది. అమెరికా సమాజశాస్త్రజ్ఞురాలు రూత్ హిల్ యూసీమ్, ఆమె భర్త జాన్ యూసీమ్ 1950ల దశకములో భారతదేశమునకు వచ్చి, ఇక్కడ పనిచేయుచున్న అమెరికనుల జీవితమును పరిశీలించినారు. వారి పిల్లలు పూర్తిగా అమెరికనులును కారు, భారతీయులును కారు. ఈ రెండింటి నడుమ మూడవ సంస్కృతి యొకటి ఏర్పడినదని భావించి, అందులో పెరుగువారికి ఆమె “తృతీయ సంస్కృతి బాలలు” అను అర్థము వచ్చు పేరు పెట్టినది.

ఈ పేరు మన పిల్లలకు కొంతవరకే సరిపోవును. అమెరికను ఉద్యోగి బిడ్డ తిరిగి వెళ్ళునది అవకాశములు మెండుగా ఉన్న దేశమునకు. అతని సమస్య ప్రధానముగా మనసుకు సంబంధించినది. మన పిల్లల సమస్యలో మనసుతోపాటు కాగితములును, రుసుములును, సీట్లును ఉన్నవి. దుబాయిలోని భారతీయులను గురించి నేహా వోరా అను మానవశాస్త్రజ్ఞురాలు 2013లో ప్రచురించిన గ్రంథము పేరునకు “అసాధ్య పౌరులు” అని అర్థము. అబూదాబీలో పెరిగిన మలయాళీ రచయిత దీపక్ ఉన్నికృష్ణన్ 2017లో వెలువరించిన కథాగ్రంథము పేరు “తాత్కాలిక జనులు” అను అర్థము నిచ్చును. పేరులే విషయమును చెప్పుచున్నవి. బాల్యమంతయు గడచినను తాత్కాలికమే.

న్యాయముగా రెండవ పక్షమును కూడ చెప్పవలెను. ఆ దేశములలో కొన్నింట పౌరులకన్న విదేశీయుల సంఖ్య అనేక రెట్లు. తమ దేశములో తామే అల్పసంఖ్యాకులమైతిమను భయము వారిది. మనకు జీవనోపాధి నిచ్చినది ఆ నేల. ఎన్నో ఇండ్లలో అప్పులు తీరుటయు, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరుగుటయు దానివలననే. 2019లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దీర్ఘకాల నివాసమునకు గోల్డెన్ వీసాను, సౌదీ ప్రీమియం ఇకామాను ప్రవేశపెట్టినవి. 2022లో ఎమిరేట్స్ ప్రభుత్వము కొడుకులను తలిదండ్రుల పూచీ మీద ఉంచుకొను వయోపరిమితిని 18 నుండి 25 ఏండ్లకు పెంచినది. కాని సౌదీలో శాశ్వత ప్రీమియం ఇకామాకు విధించిన రుసుము ఎనిమిది లక్షల రియాళ్ళు. ఈ ద్వారములు ధనవంతులకును, నిపుణులకును తెరచుకొనునే గాని, గుమాస్తా కొడుకునకు కాదు.

బార్కస్ నేర్పు పాఠము

విమానాశ్రయమునుండి తూర్పు దారిన వచ్చువారు బార్కస్ మీదుగా పోవుదురని చెప్పితిమి. ఈ పేట మన అంశమునకు అద్దము వంటిది. నేటి యెమెనులోని హద్రమౌత్ ప్రాంతమునుండి అరబ్బులు నిజాముల సైన్యములో చేరుటకు వచ్చినారు. వారి బారకులు ఉన్న చోటు బార్కస్ అయినది. హద్రమౌత్‌లో ముకల్లాను ఏలిన ఖుఐతీ వంశమువారు కూడ హైదరాబాదులో జమాదార్లుగా పనిచేసినవారే. 1967లో ఆ రాజ్యము అంతరించినది. అనగా అప్పుడు వలస దిక్కు వేరు. ఉద్యోగమునకై అరబ్బు ఇక్కడకు వచ్చి, సంపాదన అక్కడకు పంపెడివాడు.

ఆ అరబ్బులకు ఇక్కడ పుట్టిన పిల్లలను హద్రమౌత్‌లో “మువల్లద్” అనెడివారు. పరదేశములో పుట్టినవాడని దాని భావము. తండ్రి దేశమునకు పోయినచో వారికిని మన పిల్లలకు కలుగు ఇబ్బందులే కలిగెడివి. 1948లో సంస్థానము భారతదేశములో విలీనమైన తరువాత సైన్యము రద్దయినది. అరేబియాలో పుట్టినవారిలో కొందరిని తిరిగి పంపివేసినారు. కాని ఇక్కడ పుట్టినవారికి 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము అయిదవ అధికరణముద్వారా ద్వారము తెరచినది. ఈ దేశములో నివాసమేర్పరచుకొని ఇక్కడ పుట్టినవాడు, తండ్రి ఎక్కడివాడైనను, భారత పౌరుడు. నేడు బార్కస్ వాసి ఇంటిపేరు హద్రమౌత్‌ను తలపించును, లుంగీ కట్టును, ఇంట హరీస్ వండును, బార్కస్ జామపండ్లను గొప్పగా చెప్పుకొనును, హైదరాబాదీ ఉర్దూ మాటలాడును. అతనిని పరాయివాడవని అనువారు లేరు.

దీనికి ప్రతిగా మన తీరములో మరియొక కథ ఉన్నది. కాకినాడ సమీపమున కోరంగి రేవునుండి తెలుగువారు బర్మాకు ఎంతగా వలసపోయినారనగా, బర్మీయులు భారతీయులను “కొరంగీలు” అని పిలిచెడివారు. 1942లో జపాను దండయాత్ర వలనను, 1960లలో నెవిన్ ప్రభుత్వపు జాతీయీకరణము వలనను వారు తరతరముల నివాసమును విడిచి రావలసివచ్చినది. విశాఖపట్నములో బర్మా క్యాంపు అను పేరు నేటికిని దానికి గుర్తు. రంగూనులో పుట్టి బర్మీయ భాషలో ఆడుకొన్న తెలుగు పిల్లలు స్వదేశములో శరణార్థులుగా దిగినారు.

ఈ రెండు ఉదాహరణములను కలిపి చూచినచో ఒక సూత్రము స్పష్టమగును. ఒక చోటు మనదగుటకు మూడు కావలెను : చట్టము, భాష, జ్ఞాపకము. బార్కస్ వాసికి మూడును ఇక్కడనే దొరకినవి. గల్ఫులో పెరిగిన బాలునకు జ్ఞాపకము అక్కడ ఉన్నది, చట్టము ఇక్కడ ఉన్నది, భాష రెండు చోట్లను సగము సగము ఉన్నది. అతని బాధ అతని మనోదౌర్బల్యము వలన కలిగినది కాదు. ఒకచోట ఉండవలసిన మూడును వేరు వేరు చోట్ల ఉండుట వలన కలిగినది. గల్ఫు దేశముల చట్టములను మనము మార్చలేము. గడచిన బాల్యమును ఇక్కడకు తేలేము. కాని భాషను పూర్తిచేయుటయు, కొత్త జ్ఞాపకములకు చోటిచ్చుటయు మన చేతిలోని పనులు.

కళాశాల చేయదగిన పని

కావున కళాశాల కమిటీవారికి మేము కొన్ని విన్నపములు చేయుచున్నాము.

మొదటిది, ప్రవేశముల కాలమున విదేశములనుండి వచ్చినవారికి కాగితముల విషయములో సలహానిచ్చుటకు ఒక అధ్యాపకుని నియమించవలెను. జనన నమోదు, బదిలీ పత్రములు, స్థానికత్వ నియమములు, విద్యార్థివేతనములు, వీని గడువులు తెలియక సంవత్సరమును పోగొట్టుకొన్నవారు ఉన్నారు.

రెండవది, తెలుగు, ఉర్దూ లిపులను మొదటినుండి నేర్పు మూడు నెలల సాయంకాల తరగతి నడుపవలెను. దీనిలో చేరుట అవమానము కాదను భావము కలుగుటకు, తెలుగు రాని ఉర్దూ విద్యార్థులను, ఉర్దూ రాని తెలుగు విద్యార్థులను కూడ అందులోనే కూర్చుండబెట్టవలెను. అప్పుడు అందరును సమానమైన నిరక్షరాస్యులు, సమానమైన విద్యార్థులు.

మూడవది, వారు నేర్చినదానిని మనము నేర్చుకొనవలెను. వారికి అరబ్బీ తెలియును, పది దేశములవారి నడుమ మెలగు నేర్పు కలదు. రేపు ఉద్యోగమునకై అక్కడకు పోదలచు మన విద్యార్థులకు అక్కడి జీవితమును, ఒడంబడికలలో చూచుకొనవలసిన అంశములను చెప్పగలవారు వారే.

ఇక తోటి విద్యార్థులకు ఒక మాట. కొత్తగా వచ్చినవానిని “షేక్ సాబ్” అని వెక్కిరించుట, అతని ఉచ్చారణకు నవ్వుట, “డబ్బున్నవాడు, వానికేమి బాధ” అనుట మన గొప్పతనమును చాటవు. గరీబు అను మాటకు ఉన్న మొదటి అర్థమును గుర్తుంచుకొనుడు. వాని జేబులో రియాళ్ళు ఉన్నను, ఈ ఊరిలో వానికి మొదటి స్నేహితుడు దొరకువరకు వాడు గరీబే.

గల్ఫునుండి వచ్చిన సోదర సోదరీమణులకును ఒక మాట చెప్పవలెను. మీరు పెరిగిన ఊరిని మరచిపొమ్మని మేము అడుగము. సముద్రమును, ఇసుకను, చెదరిపోయిన మీ తరగతి మిత్రులను తలచుకొనుట దేశద్రోహము కాదు. మీ ఊరేదని అడిగినప్పుడు రెండు పేర్లు చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు. ఈ సంచిక చదువుచున్న మీరు తెలుగు వైపునుండి మొదలుపెట్టినను, ఉర్దూ వైపునుండి మొదలుపెట్టినను, పుస్తకము ఒక్కటే.

ఆ పాత ముల్కీ నిబంధన బయటివానిని పదునైదేండ్లు వేచియుండుమన్నది. చట్టములు అట్లే లెక్కించును. మనుష్యులకు అంత గడువు అక్కరలేదు. వచ్చిన మొదటి దినముననే బల్లమీద కొంచెము జరిగి చోటిచ్చినచో, ఆ ఒక్క తరగతి గదిలోనైనను అతడు ఆనాటినుండియే ముల్కీ అగును.